బరువు: ఆరు

ఒరేయ్ తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నేను నిలబడి చూశాను కాబట్టి చెప్తున్నాను, నిలబడితే ఆగలేవు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు ఊ కొడుతూ రెండో చేత్తో బొమ్మలు గీసుకుంటావని నాకు తెలీదా? పైగా ఇందులో పెట్టిన కాగితం నువ్వు నీ కళ్ళతో చూడాలి.

మొదటినుంచీ చెప్తాను. మా మ్యూజియంలో ఆయుధాల గదిని కొత్త హాలులోకి మారుస్తున్నారు. ఇన్నేళ్ళూ నాణేలూ గంటలూ గిన్నెలూ తోముకుంటూ బతికిన నన్ను ఈ ఏడాదే కత్తుల పనికి వేశారు. ఆ గది కీపరుగా నాన్న రిటైరయ్యాక ఆ అద్దాల పెట్టెలు తెరిచినవాళ్ళే లేరు. నలభై ఆయుధాలూ బయటికి తీసి, తుప్పు వదిలించి, నూనె రాసి, కొత్త స్టాండ్లకి ఎక్కించాలి. స్టాండ్లు చేసే వడ్రంగి ఒక్కోదాని బరువు చెప్పమన్నాడు. "పెట్టెల్లో చీటీల మీద రాసుందిగా, చూసుకో" అన్నాను. "చీటీని నమ్ముకుని కొయ్య కొయ్యనమ్మా, తూచి చెప్పండి" అన్నాడు. వీడొకడు, కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం అనుకుంటూ పెద్ద కత్తిని రెండు చేతులా ఎత్తాను. ఆరు కిలోలు కదా అని నడుం బిగించి మరీ ఎత్తాను. అది గాల్లోకి లేచిపోయింది. నేను వెనక్కి తూలి బల్లకి కొట్టుకున్నాను.

తూకం మిషను మీద పెడితే కిలో ఐదు వందల ఇరవై గ్రాములు చూపించింది. మిషను చెడిపోయిందనుకుని, ఇంటికి కొన్న చక్కెర పొట్లం పెట్టి చూశాను. సరిగ్గా కిలో. కత్తిని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఆ కత్తి ముందు నిలబడి నువ్వూ నేనూ ఎన్ని ఆదివారాలు నోరు తెరుచుకున్నామో గుర్తుందా? "ఆరు కిలోల కత్తిని ఝళిపించిన వీరులు" అని చీటీ చదివి ఎంతమంది జబ్బలు చూసుకుంటూ బయటికి వెళ్ళారో! ఆలోచిస్తే ఎవరికైనా తెలిసేదే. ఆరు కిలోల ఇనుము పట్టుకుని ఎవడైనా రెండు దెబ్బలు వేస్తే మూడోది వాడి కాలి మీదే పడుతుంది. మనకి ఆ ఆలోచనే రాలేదు. తర్వాత గొడ్డలి తూచాను, ఈటె తూచాను, ముళ్ళగద తూచాను. ఒక్కటీ చీటీతో కలవలేదు.

బరువుతో అయిపోలేదు. కత్తి మధ్యలో పొడుగునా ఉండే గాడి రక్తం కారిపోవడానికని చీటీలో ఉంది. లోహం పని తెలిసిన ఎవర్ని అడిగినా చెప్తారు, అది కత్తి బరువు తగ్గడానికీ బిగువు పోకుండా ఉండటానికీ తీసిన గాడి. "యోధులు దీన్ని వీపున కట్టుకునేవారు" అని ఇంకో మాట. వడ్రంగి అంతే పొడుగు కర్ర ఒకటి గొట్టంలో పెట్టి నా వీపుకి కట్టాడు. భుజం మీదుగా లాగితే సగం దాకా వచ్చి ఆగిపోయింది. నా చెయ్యి అంతకన్నా పొడుగు లేదురా! శత్రువు ఎదురుగా ఉంటే నేను అలా చెయ్యెత్తుకుని నిలబడాల్సిందే. వడ్రంగి పగలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ చీటీలు రాసింది నాన్న.

ఫైలు తీయించి చూశాను. నలభై ఆయుధాల పట్టిక, నాన్న చేతిరాతే. దాని నకలే నీకు పంపుతున్నాను. గళ్ళ పైన ఏం రాసుందో చూడు. పొడవు, బరువు, దెబ్బ, అదృష్టం. అదృష్టం ఏమిట్రా? మ్యూజియం ఫైల్లో కత్తికి అదృష్టం మూడు, గొడ్డలికి అదృష్టం ఒకటి! ఆ గడి మొత్తం నింపి, తర్వాత అడ్డంగా కొట్టేశారు. బరువు గడిలో మాత్రం ఒక్కో అంకె పక్కన వేరే సిరాతో "కిలోలు" అని ఉంది.

ఇప్పుడు నా పరిస్థితి కత్తి మీద సామే. ఇరవయ్యో తారీఖుకి నేను అసలు బరువుల జాబితా ఇవ్వాలి. కొత్త హాలు గోడ మీద నాన్న పేరుతో రాతి పలక పెట్టిస్తున్నారు డైరెక్టరు గారు. నాన్న రోజూ ఆ మాటే తలుచుకుని మురిసిపోతున్నారు. నీ సంగతి చూస్తే, వచ్చే నెల బజారులోకి వస్తున్న నీ ఆట పెట్టె మీద "మ్యూజియం రికార్డుల ప్రకారం అసలైన బరువులు" అని అచ్చు వేయించుకున్నావు. నాన్నని ఇంకా ఏమీ అడగలేదు. నాకు నోరు రావడం లేదు. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?

నీ అక్క

*

అక్కా,

కూర్చునే చదివాను. లాభం లేకపోయింది. ఆ నకలు మడత విప్పి "అదృష్టం" అన్న మాట చూడగానే నా చేతిలో కప్పు జారి, ఆట పెట్టె మీద వెయ్యాల్సిన కొత్త బొమ్మంతా కాఫీపాలైంది.

అది నా పట్టిక.

నాకు పదమూడేళ్ళప్పుడు మెట్ల కింద నలుగురం ఒక ఆట ఆడేవాళ్ళం, గుర్తుందా? ఒకడు యోధుడు, ఒకడు దొంగ, ఒకడు మంత్రగాడు. నేను కథ నడిపేవాణ్ణి. ఏం జరిగిందో పాచికలు చెప్పేవి. దానికి ఆయుధాలు కావాలిగా? ఆదివారాలు నాన్న కాపలా కాసే గదికెళ్ళి అద్దం బయట నిలబడి ఒక్కోటీ బొమ్మ గీసుకుని, ఎర్ర అట్ట నోటుపుస్తకంలో స్కేలు పెట్టి గళ్ళు కొట్టి రాశాను. పొడవు నిజంగానే అద్దం మీద జానలు వేసి కొలిచాను. మిగతాదంతా నేను కల్పించిందే.

బరువు ఆరంటే కిలోలు కాదక్కా. ఏవీ కాదు. ఒక మనిషి మొత్తం ఇరవై బరువు మోయగలడని మా రూలు. రొట్టె ఒకటి, తాడు రెండు, డాలు నాలుగు, పెద్ద కత్తి ఆరు. దొంగ వేషం కట్టే బొద్దబ్బాయి మూడు కత్తులూ నాలుగు గొడ్డళ్ళూ ఒక్కడే మోస్తానని రోజూ పేచీ పెట్టేవాడు. వాడి నోరు మూయించడానికి కనిపెట్టిన అంకెలవి! రక్తం గాడి కూడా వాడి పుణ్యమే. బొమ్మలో మధ్య గీత ఎందుకని అడిగితే నోటికొచ్చింది చెప్పాను, వాడు హడలిపోయాడు. వీపు సంగతంటావా, యోధుడి నడుం దగ్గర సంచీ గీసేశాను, కత్తికి చోటు లేక వీపున తగిలించాను. అదృష్టం అంటే పాచికకి కలుపుకునే అంకె. నాన్న దాన్ని కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎక్కించుకున్నారంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

నా ఘనకార్యం కూడా విను. ఆటలన్నిటిలో ఆయుధాలు అబద్ధాలని, నా ఆటలో మాత్రం అన్నీ చరిత్ర ప్రకారం ఉంటాయని మూడేళ్ళుగా డప్పు కొట్టుకుంటున్నాను. చీటీలన్నిటికీ ఫొటోలు తీయించి తెప్పించుకున్నాను. ఒక్క అంకె కూడా నాదనిపించలేదు. మ్యూజియం చీటీ కదా, తప్పెందుకు ఉంటుందని కళ్ళకద్దుకుని కాపీ చేశాను. పదమూడేళ్ళ నన్ను నలభై ఒక్కేళ్ళ నేను ప్రమాణంగా తీసుకున్నాను.

నేనే వెళ్ళి ఎందుకు చూడలేదని అడుగుతావు. ఆ గదిలో అడుగు పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను, అదీ కారణం. నీకెప్పుడూ చెప్పలేదు. ఆ ఎర్ర అట్ట పుస్తకం ఒకరోజు కనపడకుండా పోయింది. ఆరు నెలల పని అది. ఇల్లంతా వెతికి నాన్నని అడిగాను. ఎదురుగా ఆయన తోటి కాపలావాళ్ళు ఇద్దరు కూర్చునున్నారు. "ఆ చెత్త నేనే పారేశాను. కత్తులూ కటార్లూ నీకు అన్నం పెడతాయా?" అన్నారు. వాళ్ళిద్దరూ నవ్వారు. నేను ఏడవలేదు, అన్నం తినలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ రోజునుంచి నాన్నతో నా మాటలు "తిన్నావా", "తిన్నాను" దాటి వెళ్ళలేదు. పొగరని నువ్వు కూడా తిట్టేదానివి.

ఇప్పుడు తెలిసింది, అవి అన్నం పెట్టాయి. ఆయన్ని గుమ్మం దగ్గర స్టూలు మీంచి లేపి కీపరు కుర్చీలో కూర్చోబెట్టాయి. మనిద్దరం చదువుకున్నది వాటితోనే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఒక వడ్రంగి పట్టాడు.

నేను డైరెక్టరు గారికి ఉత్తరం రాసేశాను. మా నాన్న నా పుస్తకం దొంగిలించి దాంతో ఉద్యోగం సంపాదించారని, ఆ పలక మీద ఆయన పేరుంటే అది నాకు చెంపదెబ్బని రాశాను. ఇంకా పోస్టు చెయ్యలేదు, శుక్రవారం దాకా ఆగుతాను. ఏమైనా చెప్పాలనుకుంటే ఈలోగా చెప్పు. నన్ను ఆపడానికి మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు

*

చిన్నోడికి,

నీ ఉత్తరం అక్క నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చదివాను. అద్దాలు లేకుండా తప్పు చదివాననుకుని, పెట్టుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది. అది ఆటలో బరువని నాకు ఇన్నేళ్ళుగా తెలియదురా. నిజంగా తెలియదు.

ఆ రోజుల్లో కీపరు గారు ఉన్నట్టుండి వేరే ఊరు వెళ్ళిపోయారు. పెద్దమనుషులెవరో చూడటానికి వస్తున్నారు, ఎనిమిది రోజుల్లో నలభై చీటీలు కావాలన్నారు అప్పటి డైరెక్టరు. రాసేవాళ్ళెవరూ లేరు. "పదేళ్ళుగా వాటి ముందే కూర్చుంటున్నావు, నీకు తెలియదా?" అన్నారు నాతో. నాకు తెలిసిందల్లా పొద్దున నలభై ఉన్నాయా, సాయంత్రం నలభై ఉన్నాయా అని లెక్కపెట్టడం. కాపలావాడు ముట్టుకోకూడదని రూలు. నేను దేన్నీ ఎప్పుడూ ఎత్తలేదు. అయినా తెలియదని చెప్పలేకపోయాను. అంత పెద్దాయన మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమన్నారు మరి.

ఇంటికొచ్చేసరికి నీ పుస్తకం బల్లమీద తెరిచి ఉంది. మన గదిలోని నలభై ఆయుధాలూ అందులో ఉన్నాయి. గీతలు కొట్టి, అంకెలు వేసి, బొమ్మలు దించి, అచ్చు పుస్తకంలా ఉంది. "ఇవన్నీ నీకెలా తెలుసురా?" అని అడిగాను. గుర్తులేదేమో, నువ్వు తలెత్తకుండా "నాకు తెలుసు" అన్నావు. నువ్వెప్పుడూ లైబ్రరీలోనే ఉండేవాడివి. నేను ఎనిమిదో క్లాసు మనిషిని. నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. అంకెలకి పక్కన ఏమీ లేకపోతే నువ్వే మర్చిపోయావనుకుని కిలోలని నేను చేర్చాను. అదృష్టం ఏదో పెద్ద చదువులో మాటేమోననుకుని ఎక్కించాను. డైరెక్టరు గారు చూసి ఇదేమిటని అడిగితే, పొరపాటున పడిందని చెప్పి కొట్టేశాను.

పుస్తకం నేను పారెయ్యలేదు. నా పెట్టెలో అడుగున ఉంది. నువ్వు వెతుక్కుంటూ వచ్చిన రోజు అది డైరెక్టరు గారికి చూపించడానికి నా సంచీలోనే ఉంది. ఆ ఇద్దరూ అప్పటికే నన్ను కాబోయే కీపరు గారూ అని ఆటపట్టిస్తున్నారు. వాళ్ళ ముందు నా కొడుకు పుస్తకంలోంచి కాపీ కొట్టానని చెప్పుకోవాలి. పిల్లవాడి పుస్తకం చూసి రాసిన తండ్రి అనిపించుకోవడం కన్నా, దాన్ని పారేసిన తండ్రి అనిపించుకోవడమే సులువనిపించింది. రేపు ఇచ్చేద్దాం, ఎల్లుండి ఇచ్చేద్దాం అనుకున్నాను. అబద్ధమాడి ఒక వారం గడిచాక ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

నువ్వు అడగని తప్పు ఇంకొకటుంది. నేనే చెప్పేస్తాను. కీపరునయ్యాక తాళాలు నా చేతికొచ్చాయి. కొత్తలోనే ఒకరోజు మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు పెద్ద కత్తిని ఎత్తాను. అది చేతిలో తేలిపోయింది. ఆరు కిలోలు కాదని చెప్పడానికి తూకం కావాలా? బియ్యం సంచులు మోసిన చెయ్యి ఇది. చీటీ మార్చొచ్చు, మార్చలేదు. మారిస్తే ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. రెండోది, అప్పటికే నువ్వు నాతో మాట్లాడటం మానేశావు. నువ్వు రాసింది ఆ చీటీల మీద రోజూ ఎవరో ఒకరు పైకి చదువుతుంటే వినడానికి నాకు బాగుండేది. ఈ రెండోదే అసలు కారణమని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నువ్వు మాత్రం నమ్మకు. మొదటిదే ఎక్కువ.

నిన్న డైరెక్టరు గారికి రాసిచ్చేశాను. అంకెలన్నీ నా సొంత బుర్రలోంచి పుట్టించానని, ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదని, పలక మీద నా పేరు వెయ్యొద్దని రాశాను. నీ మాట ఎత్తలేదు. నువ్వు ఆ ఉత్తరం పోస్టు చెయ్యకు. నన్ను కాపాడమని కాదు, నా పని అయిపోయింది. ఆ అంకెలు నీవేనని బయటపడితే, తన చిన్నప్పటి కల్పన తనే కొనుక్కుని చరిత్రంటూ అమ్మాడని నిన్ను చూసి నవ్వుతారు. నీ ఆట ఎవరూ కొనరు. నేను కల్పించానంటే మోసపోయినవాడివవుతావు, అంతే. మోసపోయినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

నాన్న

*

నాన్నా,

మీ ఉత్తరం శనివారం అందింది. నాది గురువారమే వెళ్ళిపోయింది. శుక్రవారం దాకా ఆగుతానని అక్కకి రాశాను, ఆగలేకపోయాను. పొద్దున్నే డబ్బాలో వేసేసి, గొప్ప పని చేసినట్టు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. మీ ఉత్తరం చదివాక తెలిసింది, నేను చేసిందేమిటో. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాను, అది కూడా మీ మెడ మీద.

ఆట ఆపించేశాను. పెట్టెల మీద అచ్చయిన ఆ ముక్క చింపించి, ఆయుధాల పుస్తకం మళ్ళీ రాస్తాను, అక్క తూచిన తూకాలతో. మొదటి పేజీలో ఈ కథంతా ఉంటుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు. కత్తి తేలికని తెలిశాక నా ఆట రూల్సన్నీ తలకిందులయ్యాయి. పెద్ద కత్తివాడే అందరికన్నా చురుగ్గా కదలాలి. ఇన్నేళ్ళూ వాణ్ణి కుంటివాడిలా నడిపించాను.

తెలిసి కూడా చీటీ మార్చకపోవడం, ఆ ఇద్దరి ముందు అన్న మాట, ఈ రెండూ నేను ఇంకా మింగలేదు. అవి ఉత్తరంలో తేలవు. బుధవారం పొద్దున బస్సుకి వస్తున్నాను, ఎదురుగా కూర్చుని పోట్లాడతాను. మీరూ ఊరుకోకండి, నాకు చివాట్లు పెట్టండి. నన్ను మీరు తిట్టి ఇరవై ఎనిమిదేళ్ళయింది.

డైరెక్టరు గారికి వెంటనే ఫోన్ చేశాను. బల్ల మీద రెండు ఉత్తరాలూ పక్కపక్కనే ఉన్నాయట. "ఒకటి అన్నీ నేనే కల్పించానంటుంది. ఇంకోటి ఆయన దొంగ అంటుంది. ఏది నిజమండీ?" అన్నారు. "రెండూ అబద్ధమే సార్. కల్పించింది నేను. ఆయన దొంగా కాదు" అన్నాను. పలక పని మాత్రం ఆపేశామన్నారు. ఆపాల్సిందేనన్నాను. "మరి మీ నాన్నగారు చేసింది ఏమిటంటారు? నేను ఫైల్లో ఏదో ఒకటి రాయాలి కదా" అన్నారు.

"నేను చెప్పింది ఆయన నమ్మారు సార్, అని రాయండి" అన్నాను.

ఆ మాట అంటుంటే నా గొంతు నాకే వినపడలేదు నాన్నా. ఆయన రెండోసారి అడిగి రాసుకున్నారు.

మీ చిన్నోడు